ఎవరింటికి వచ్చారు?

అందరికీ నమస్కారం.

మా తెనాలి వైపు వీధిలో కొత్త మనిషి కనిపిస్తే ముందు అడిగేది "ఎవరింటికొచ్చారమ్మా?" అనే. పేరు సంగతి తర్వాత. హోటల్లో దిగితే ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబుండదు. జవాబున్న ఒక పరాయి ఊరి గురించి చెబుతాను.

ఊరి పేరు హే-ఆన్-వై. వేల్స్‌లో, ఇంగ్లండ్ సరిహద్దు పక్కనే, వై నది ఒడ్డున ఉంటుంది. జనాభా రెండు వేలు కూడా లేదు. రైలు 1962లోనే ఆగిపోయింది. హెరెఫర్డ్‌లో దిగి బస్సెక్కాలి. లండన్‌లో ఉండే మా అమ్మాయిని, తన ఆఫీసులో పనిచేసే ఒకావిడ నవంబరులో మూడు వారాలు ఈ ఊళ్ళోని తన ఇల్లు, కుక్క చూసుకోమని అడిగింది. హౌస్ సిట్టింగ్ అంటారు. అద్దె ఇవ్వక్కర్లేదు, జీతం ఉండదు. మాట ఇచ్చింది అక్కడి పౌరసత్వం ఉన్న మా అమ్మాయి. నేను తోడు వెళ్ళాను, అంతే. విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళు ఇలాంటివి సొంతంగా ఒప్పుకునే ముందు నిబంధనలు చూసుకోండి. అమెరికాలో దీన్ని కూడా పని కిందే లెక్కగట్టి, విమానాశ్రయం నుంచే వెనక్కి పంపిన సందర్భాలున్నాయి.

ఇంటావిడ ఒక నోట్‌బుక్ రాసిపెట్టింది. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ మీద పీడనం చూపే ముల్లు 1 కంటే కిందికి దిగితే ఏ కుళాయి తిప్పాలి, ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలి, అన్నీ ఉన్నాయి. బాత్‌రూమ్ లైటు సంగతి మాత్రం మర్చిపోయింది. మొదటి రాత్రి గోడంతా తడిమాను. తీరా చూస్తే పైకప్పు నుంచి వేలాడుతున్న తాడు లాగాలట! రెండో రోజు పప్పులోకి తాలింపు పెట్టానో లేదో, పొగ అలారం ఊరంతా వినపడేలా మోగింది. కుక్క సోఫా కిందికి దూరింది. ఆ మూడు వారాలూ కిటికీలు తీసి, చలికి వణుకుతూ తాలింపు పెట్టాను. మానలేదు లెండి.

అమ్మాయి పగలంతా లాప్‌టాప్ ముందే. కుక్కను తిప్పే పని నాది. నిజానికి అదే నన్ను తిప్పింది. పేరు పిప్. ఏ సందులో మలుపు తిరగాలో, నది ఒడ్డుకు ఏ గేటు దాటాలో దానికే తెలుసు. గేటు మళ్ళీ వేసి వెళ్ళాలని, గొర్రెలు కనిపిస్తే తాడు బిగించాలని నాకు అక్కడివాళ్ళు చెప్పారు. రోడ్ల మీద పెద్ద అక్షరాలతో "అరవ్" అని రాసుంది. ఇక్కడ అరవం ఏమిటా అనుకున్నాను. అక్కడి వెల్ష్ భాషలో "మెల్లగా" అని అర్థమట.

మూడో రోజు ఒక పెద్దాయన ఆగి, నన్ను కాదు, కుక్కను పలకరించాడు. తర్వాత నావైపు తిరిగి, "అయితే మీరు వాళ్ళింట్లో ఉంటున్నారన్నమాట" అన్నాడు. తెనాలి ప్రశ్నే! కాకపోతే జవాబు తాడు చివర నిలబడి తోక ఊపుతోంది. ఆ తర్వాత గురువారం సంతలో చీజ్ అమ్మే అతను పిప్‌కి ఒక ముక్క, నాకు ఒక ముక్క రుచికి ఇచ్చేవాడు.

పుస్తకాల గురించి చెప్పకపోతే హే ఒప్పుకోదు, పాత పుస్తకాల దుకాణాలకు పేరుపడ్డ ఊరు మరి. రిచర్డ్ బూత్ అనే పాత పుస్తకాల వ్యాపారి 1977 ఏప్రిల్ 1న ఈ ఊరిని స్వతంత్ర రాజ్యంగా ప్రకటించి, తనే రాజునన్నాడు. తేదీ గమనించారుగా. ఆ సరదాతోనే ఊరి పేరు ప్రపంచమంతా పాకింది. కోట దగ్గర ఆరుబయట అరల్లో పుస్తకాలుంటాయి, అమ్మేవాళ్ళుండరు. డబ్బు పెట్టెలో వేసి తీసుకెళ్ళడమే. మన ఆబిడ్స్ ఆదివారం పుస్తకాలు గుర్తొచ్చాయి. బేరం ఆడటానికి మనిషి లేకపోవడం మాత్రం నాకు నచ్చలేదు.

ఇంటావిడ తిరిగొచ్చాక తాళం చెవి ఇచ్చేసి, మర్నాడు బస్టాపులో నిలబడ్డాం. రోజూ పిప్‌ని పలకరించే ముసలావిడ నన్ను దాటి వెళ్ళిపోయి, నాలుగడుగుల తర్వాత ఆగి వెనక్కి వచ్చింది. "కుక్క లేకపోతే గుర్తుపట్టలేదు సుమా" అంది.