గరాటు మూతి పూడినప్పుడు

అందరికీ నమస్కారం. ఫ్రిస్కో ఎండలో, శనివారం మధ్యాహ్నం, ఏసీ లేని గ్యారేజీలో ఇంతమంది కూర్చున్నారంటే అది నా మీద గౌరవం కాదని నాకు తెలుసు. వెనకాల టేబుల్ మీద ఉన్న చేపల పులుసు మీద గౌరవం. కుర్చీలు సర్దిన కుర్రాళ్ళకి, ఫ్యాన్లు తెచ్చిన అన్నయ్యగారికి, ఇల్లు ఇచ్చిన దంపతులకి థాంక్స్. ఇంకా ఎవరినైనా మర్చిపోతే పులుసు దగ్గర కనబడి తిట్టండి.

నన్ను ‘ఇంట్లో బీరు చేయడం, మొదటి పాఠాలు’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా, ఇదిగో నాలుగు పేజీలు. కానీ పొద్దున్న ఒక తమ్ముడు ఫోన్ చేసి, కొత్తగా కోనికల్ ఫర్మెంటర్ కొన్నానన్నా, అడుగు వాల్వు తిప్పితే చుక్క రావట్లేదు, క్లాంపు విప్పేయనా అని అడిగాడు. ఆ మాట వినగానే నాకు బీపీ పెరిగింది. కొత్తవాళ్ళకి చెబుతున్నాను, ఫర్మెంటర్ అంటే బీరు పులియబెట్టే పాత్ర, క్లాంపు అంటే ఆ వాల్వుని పాత్ర మూతికి బిగించి పట్టుకునేది. కాబట్టి ఈ నాలుగు పేజీలు పక్కన పెడుతున్నాను. ఇవాళ అడుగు గురించే.

చట్టం సంగతి ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. ఈ అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవచ్చని 1978 అక్టోబరులో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టాడు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరైతే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువైతే 200. అమ్మకూడదు. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు ఈ సరంజామా సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళకండి. ఇండియాలో లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు కేసే.

సరే. ఇదిగో కోనికల్. చూడ్డానికి రాకెట్‌లా ఉంది, పని మాత్రం గరాటు పని. పైన డ్రమ్ము, కింద గరాటు, గరాటు మూతికి వాల్వు. బీరు పులిసేటప్పుడు మడ్డి అంతా జారి మూతి దగ్గర చేరుతుంది, వాల్వు తిప్పి తీసేస్తాం. ఈ మడ్డిని ఇక్కడివాళ్ళు ట్రూబ్ అంటారు. అందులో మరిగించినప్పుడు విరిగిన ప్రోటీను ఉంటుంది, హాప్స్ అని బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూల పిప్పి ఉంటుంది, పని అయిపోయి కిందకి దిగిన ఈస్టు ఉంటుంది. కల్లు లొట్టి అడుగు చూసినవాళ్ళకి ఈస్టు మడ్డి గురించి నేను చెప్పక్కర్లేదు. చేతులెత్తక్కర్లేదండీ, పిల్లలు చూస్తున్నారు.

మరి గరాటు అన్నాక జారాలి కదా, ఎందుకు జారదు?

మా నాన్న తణుకు దగ్గర ఒక రైసు మిల్లులో డ్రైవరు. లారీ డ్రైవరు కాదు, మిల్లు నడిపే మనిషిని మా వైపు డ్రైవరనే అంటారు. అక్కడ తవుడు పడే హాపరు ఒకటుండేది. రేకు గరాటు. దాని పక్కలంతా సొట్టలే. ఎందుకో తెలుసా? తవుడు ఇరుక్కున్నప్పుడల్లా ఎవడో ఒకడు సుత్తితో బాదేవాడు. సొట్ట పడేది. ఆ సొట్ట దగ్గర తవుడు ఇంకా బాగా ఇరుక్కునేది. మళ్ళీ బాదేవాడు. నాన్నకి ఒళ్ళు మండిపోయేది. “రాత్రి తవుడు వదిలేసి పోయింది మీరు, పొద్దున్న దెబ్బలు దానికా?” అనేవాడు. తవుడు రాత్రంతా ఉంటే చెమ్మ పీల్చి గోడ కట్టేస్తుంది. సాయంత్రం తీసేస్తే ఐదు నిమిషాల పని.

చాలా ఏళ్ళ తర్వాత ఇక్కడ ఉద్యోగంలో తెలిసింది, దీనికి ఒక శాస్త్రమే ఉందని. యూటా యూనివర్సిటీలో జెనికే అనే ఇంజనీరు 1964లో దీని మీద పెద్ద నివేదిక వేశాడు. పొడి సరుకు గరాటులో రెండు రకాలుగా మొండికేస్తుంది. ఒకటి, మూతికి అడ్డంగా వంతెనలా బిగుసుకుంటుంది. రెండోది ఎలుక బొరియ. మధ్యలో సన్నటి దారి పడి ఆ దారిలోదే దిగుతుంది, గోడలకి అంటుకున్నది అలాగే ఉంటుంది. అది చదువుతుంటే మా హాపరే కళ్ళ ముందు కనిపించింది.

మన ఫర్మెంటరులోనూ ఆ రెండే జరుగుతాయి. హాప్స్ గుళికలు నీళ్ళలో పడగానే ఉబ్బి, విచ్చుకుని, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అదీ వంతెన. వాల్వు గబుక్కున పూర్తిగా తిప్పామనుకోండి, పైనున్న బీరు ఈస్టు మధ్యలోంచి దూసుకొచ్చేస్తుంది. పల్చగా బీరు వస్తోంది, మడ్డి అయిపోయిందనుకుని వాల్వు కట్టేస్తాం. గోడల మీది మడ్డి మొత్తం లోపలే ఉంటుంది. అదీ బొరియ. పైగా మన వాల్వులు చిన్నవి. ఒకటిన్నర అంగుళం అని అమ్ముతారు గానీ అది గొట్టం బయటి కొలత, లోపలి కన్నం 35 మిల్లీమీటర్లకి మించదు. కొన్నిటికి అరంగుళం బాల్ వాల్వే.

ఇప్పుడు నా కథ. మా ఆవిడ ఇక్కడే ఉంది, తప్పు చెబితే ఆపుతుంది.

ఐపీఏ, అంటే హాప్స్ దండిగా పడే బీరు, చేశాను, ఐదున్నర గ్యాలన్లు, అంటే 20 లీటర్ల పైమాటే. చివర్లో 6 ఔన్సుల హాప్స్ గుళికలు వేశాను. మధ్యలో ఒక్కసారి కూడా మడ్డి తీయలేదు. ఎందుకు తీయలేదంటే బద్ధకం, అంతకన్నా కారణం లేదు. తర్వాత రెండు డిగ్రీల దాకా చల్లబరిచాను. మూడో రోజు వాల్వు తిప్పితే ఒక దగ్గు దగ్గింది. అంతే. పూర్తిగా తిప్పాను, ఏమీ లేదు. కబాబు పుల్ల పెట్టి పొడిచాను. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే, అవతలి కుర్రాడు ఇంకా గట్టిగా తిప్పండి సార్ అన్నాడు. నేను ఇంజనీరుని కదా, వాల్వే పాడైందని తేల్చేశాను. క్లాంపు విప్పాను.

అండీ, వాల్వు ఊడి చేతిలోకి వచ్చింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. నల్లపచ్చటి బిరడా ఒకటి మూతిలో నన్నే చూస్తోంది. తర్వాత అది జారింది. 20 లీటర్లు పోవడానికి పదిహేను సెకన్లు పట్టిందేమో. అరచెయ్యి అడ్డం పెట్టాను. ఆగుతుందా?

బీరు పోతే పోయింది. గోడవారన నేల మీద ఒక అట్టపెట్టె ఉంది. అందులో సంక్రాంతి బొమ్మల కొలువు బొమ్మలు. కొండపల్లి బొమ్మలు, మా అత్తగారు పెళ్ళికి ఇచ్చినవి. అంబారీ ఏనుగు నానిపోయి, ఎరుపు రంగంతా పక్కనున్న దశావతారాల మీదకి దిగింది. మా ఇంట్లో మత్స్యావతారం ఇప్పటికీ గులాబీ రంగులోనే ఉంటుంది. కావాలంటే జనవరిలో రండి, మా ఆవిడ మొదటి మెట్టు మీదే పెడుతుంది, వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది కూడా.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. రెండు నిమిషాలు.

తమ్ముడూ, చుక్క రాకపోతే ముందు కిందకి కాదు, పైకి చూడు. మూత బిగించేసి, గాలి పోయే దారి లేకపోతే వాల్వు ఎంత తిప్పినా రాదు. అది పూడిక కాదు, వాక్యూమ్. అదైతే పైనుంచి కొంచెం కార్బన్ డయాక్సైడ్ ఇవ్వు, వస్తుంది. నిజంగా పూడితే వాల్వు కట్టేయి. రబ్బరు సుత్తితో గరాటు పక్కన మెత్తగా తట్టు, ఇనప సుత్తి వద్దు, మా నాన్న ఒప్పుకోడు. అప్పటికీ రాకపోతే కింద మూతి నుంచే కార్బన్ డయాక్సైడ్ రెండు మూడు పీఎస్ఐ ప్రెషరుతో, మెల్లగా, పైన దారి తెరిచి ఉంచి పంపు. బుడగ ఆ వంతెనని విరగ్గొడుతుంది. హాప్స్ వేశాక అయితే నురుగు పొంగి పై నుంచి తన్నుకొస్తుంది, పైన ఖాళీ ఉందో లేదో చూసుకో. ప్లాస్టిక్ దానికి, ప్రెషరు తట్టుకుంటుందని రాసి లేనిదానికి ఈ పని అసలు చెయ్యకు. పుల్లలు పెట్టి పొడవకు, రబ్బరు సీలు తెగుతుంది, క్రిములూ చేరతాయి. ఏదీ పనిచేయకపోతే వదిలెయ్. పక్కన ర్యాకింగ్ ఆర్మ్ అనే గొట్టం ఉంది చూడు, మడ్డికి పైన ఉంటుంది. తేట బీరు దాంట్లోంచి తీసుకుని, పాత్ర ఖాళీ అయ్యాక క్లాంపు విప్పుకో. బీరు ఉండగా మాత్రం ఆ క్లాంపు ముట్టుకోకు. ఇంకోసారి చెప్పనా? ముట్టుకోకు.

అసలు ఇంతదాకా రాకూడదు. మరిగించాక వర్ట్‌ని, అంటే ఇంకా పులియని బీరు రసాన్ని, గుండ్రంగా తిప్పి, ఇరవై నిమిషాలు వదిలి, అడుగున మిగిలిన లీటరో రెండో కెటిల్లోనే ఉంచేయండి. ఫర్మెంటరులో పోశాక మొదటి రోజే, నురుగు లేవకముందే, ఒకసారి మడ్డి తీయండి. పులవడం సద్దుమణిగాక, హాప్స్ వేసే ముందు ఈస్టు తీయండి. దాన్ని కడిగిన సీసాలో పట్టి ఫ్రిజ్‌లో పెడితే వచ్చే బీరుకి పనికొస్తుంది. హాప్స్ వేశాక రోజూ ఒక గ్లాసుడు తీయండి. వాల్వు పావు వంతు తిప్పితే చాలు, టూత్‌పేస్టులా రావాలి. పల్చబడగానే కట్టేయండి, రేపు మళ్ళీ తీయొచ్చు.

ఈ ఫర్మెంటరులో నిన్న పోసిన వర్ట్ ఉంది, మొదటి మడ్డి ఇంకా తీయలేదు, మీకోసమే ఉంచాను. ఎవరు తిప్పుతారు? నువ్వే రా తమ్ముడూ. గ్లాసు పట్టుకో. ఆగాగు, ముందు కింద ఆ అట్టపెట్టె ఎవరిదో పక్కకి తీయండి.