శ్రావణ శుక్రవారమూ, నెలసరి మాత్రలూ

అందరికీ నమస్కారం. ఈ బెంగళూరు ట్రాఫిక్‌లో మారతహళ్ళి నుంచి, కె.ఆర్. పురం నుంచి ఇంతమంది వచ్చినందుకు సంతోషం. ఈరోజు ఆడవారికి వచ్చే పక్షవాతం గురించి మాట్లాడుకుందాం.

శ్రావణం వస్తోంది. వరలక్ష్మీ వ్రతం, నెలసరి ఒకే వారంలో పడితే చాలా ఇళ్ళలో వెంటనే మందుల దుకాణానికి మనిషిని పంపుతారు. ‘వాయిదా మాత్రలు’ అంటే చాలు, డాక్టరు చీటీ అడగకుండానే ఇచ్చేస్తారు. వాటిలో సాధారణంగా ఉండేది నోరెథిస్టెరాన్ అనే హార్మోను. ఎక్కువమందికి దానివల్ల ఏ ప్రమాదమూ రాదు, ఆ మాటా చెప్పాలి. అయితే అందులో కొంత శరీరంలో ఈస్ట్రోజెన్ అనే మరో హార్మోనుగా మారుతుంది. రక్తం గడ్డకట్టే గుణాన్ని ఈస్ట్రోజెన్ పెంచుతుంది. దానికి నీళ్ళు కూడా తాగని ఉపవాసం, నెలనెలా అధిక రక్తస్రావంతో వచ్చిన రక్తహీనత తోడైతే మెదడు సిరల్లో గడ్డ ఏర్పడవచ్చు. అదీ ఒక రకం పక్షవాతమే.

మామూలు పక్షవాతంలో ఉన్నట్టుండి మూతి వంకరపోతుంది, చేయి పడిపోతుంది. ఇది చాలాసార్లు నెమ్మదిగా ముదురుతుంది. రోజురోజుకీ పెరిగే తలనొప్పి, వాంతులు, మసక చూపు, ఒక్కోసారి ఫిట్స్. ‘ఉపవాసానికి పైత్యం చేసింది’ అని నిమ్మరసం ఇచ్చి పడుకోబెడతారు. ఆసుపత్రికి వెళ్ళినా మామూలు సి.టి. స్కాన్‌లో ఇది కనిపించకపోవచ్చు. సిరలను చూసే స్కాన్ వేరే ఉంది. వైద్యుడికి ఆ ఆలోచన రావాలంటే మాత్ర సంగతి చెప్పాలి. మామగారు పక్కనే ఉన్నారని దాచేస్తే ఎలా? త్వరగా గుర్తించి, గడ్డ పెరగకుండా ఇంజెక్షన్లు మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు.

అసలు ఆ శుక్రవారం వీలుకాకపోతే శ్రావణంలోనే మరో శుక్రవారం వ్రతం చేసుకోవచ్చని మన పెద్దలే అన్నారు. అమ్మవారికి లేని తొందర మనకెందుకో!

కళ్ళ ముందు మెరుపులు కనిపించి ఆపై మైగ్రేన్ వచ్చేవారు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. బీపీ ఉన్నవారు, పొగతాగేవారు కూడా ముందు డాక్టరును అడగాలి.

ఇక గర్భసంచి తీసేసే ఆపరేషన్లు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో ఇది చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. 45 ఏళ్ళలోపే అలా జరిగినవారికి, ఆ వయసులోపే సహజంగా ముట్లుడిగినవారికి కూడా తర్వాతి కాలంలో పక్షవాతం ముప్పు ఎక్కువ. ఊళ్ళో మీ అమ్మకో, అక్కకో ఆ ఆపరేషన్ అయి ఉంటే, అండాశయాలు ఉంచారో తీశారో పాత కాగితాల్లో చూడమనండి. తీసేసి ఉంటే బీపీ, షుగరు, కొలెస్టరాల్ పరీక్షలకు పెద్ద వయసు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.