“రోంత ఉండాది సార్” అంటే ఎన్ని దినాలు?

(అనంతపురంలో సైటు ఇంజనీర్లు, సివిల్ ఫైనలియర్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ అనే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త సౌకర్యాల గురించి మాట్లాడమన్నారు. నేను చెప్పబోయేవాటిలో కొన్నిటికి పదిహేనేళ్లు దాటాయి. మన సైట్లలో వాటి జోలికి పోయినవాళ్లు తక్కువ కాబట్టి మనకు కొత్తవే అనుకుందాం.

కొన్నేళ్ల కిందట కళ్యాణదుర్గం రోడ్డు వైపు ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు పనికి నేను ప్లానింగ్ ఇంజనీర్ని. డోమ్ సెంట్రింగ్‌కు 10 దినాలు వేసుకున్నాం. తొమ్మిదో దినం సాయంత్రం మేస్త్రిని అడిగితే, “అయిపాయ సార్, రోంత ఉండాది” అన్నాడు. నేను 90 శాతం అని కొట్టి ఇంటికి పోయినా. ఆ తర్వాత రోజు 95. మూడో రోజూ 95. అట్లా ఆరు దినాలు నడిచింది.

తప్పు మేస్త్రిది కాదు. నేను అడగాల్సింది “ఎంత అయింది?” అని కాదు, “ఇంక ఎన్ని దినాలు పడుతుంది?” అని. అది అడిగుంటే వేళ్లు లెక్కబెట్టి “ఆరు” అనేవాడు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో రిమైనింగ్ డ్యూరేషన్ (ఇంకా పట్టే దినాలు) అనే గడి ఉంది. అందులో 6 కొడితే పని మొత్తం 15 దినాలవుతుంది, జరిగింది 9, శాతం దానంతటదే 60కి దిగుతుంది. తొంభై ఎక్కడ, అరవై ఎక్కడ! శాతం గడిని నేనిప్పుడు ముట్టుకోను.

పనులను తేదీల మీద బార్లుగా చూపించే ఈ చార్టుకు గాంట్ అనే ఇంజనీరు పేరు పడి వందేళ్లు దాటింది. ఏ పనుల వరస ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టు ఆలస్యమవుతుందో లెక్కగట్టే క్రిటికల్ పాత్ పద్ధతి 1957లో డ్యూపాంట్ కంపెనీలో మొదలైంది. లెక్క పాతదే. సాఫ్ట్‌వేర్ ఆ లెక్కలోని కారణాన్ని మనకు విప్పి చూపించడమే తర్వాత వచ్చింది. 2007 వెర్షన్‌లో టాస్క్ డ్రైవర్స్ వచ్చాయి. ఒక పని ఫలానా తేదీకే ఎందుకు మొదలవుతోందో, దాన్ని పట్టుకుని ఉన్నది ముందు పనా, క్యాలెండరా, మనం పెట్టిన షరతా, పక్కన రాసి చూపిస్తుంది. ఒక అంకె మారిస్తే దాంతోపాటు కదిలిన తేదీలన్నిటికీ రంగు పడుతుంది. 2013లో టాస్క్ పాత్ వచ్చింది. ఒక బారు మీద నొక్కితే దాన్ని వెనకనుంచి నెడుతున్న పనులన్నీ వెలుగుతాయి.

మా ట్యాంకులో ఒక స్లాబు తేదీ జరిగితే అందరం కంకర లారీ మీద పడ్డాం. కారణం చూస్తే క్యాలెండరు! ముందున్న క్యూరింగ్‌కు, అంటే పోసిన కాంక్రీటును తడిపి ఉంచడానికి, 7 దినాలు వేశాను. సైటు క్యాలెండర్‌లో ఆదివారం సెలవు. సాఫ్ట్‌వేర్ క్యూరింగ్‌కు కూడా ఆదివారం సెలవిచ్చేసింది. సిమెంటుకు ఆదివారమేంది? అక్కడ 7డి (7d) బదులు 7ఈడి (7ed, ఎలాప్స్‌డ్ డేస్) అని కొట్టాలి, అప్పుడు సెలవులతో పని లేకుండా దినాలు నడుస్తాయి. ఆ ఒక్క అక్షరం తెలీక లారీ డ్రైవర్‌తో తగువు పెట్టుకున్నాం.

2010లో వచ్చిన చేతి షెడ్యూలింగ్ మన వాతావరణానికి బాగా సరిపోతుంది. కరెంటు లైను ఎప్పుడు జరుపుతారో తెలీదు, తేదీ గడిలో “దసరా తర్వాత” అని మాటల్లోనే రాసుకోవచ్చు. ముందు పని తేదీ వెనక్కి పోయినా ఆ పని కదలదు, తేదీల కింద ఎర్రగీత గీసి హెచ్చరిస్తుంది. దీన్ని అన్ని పనులకూ వాడారనుకోండి, అది షెడ్యూలు కాదు, పెళ్లి శుభలేఖ.

బేస్‌లైన్, అంటే మనం అనుకున్న తేదీలను తర్వాత పోల్చుకోడానికి దాచే నకలు, దాని దగ్గర కొంచెం జాగ్రత్త. పదకొండు బేస్‌లైన్లు దాచుకోవచ్చు. నేను పనిచేసిన ఒకచోట ప్రతి నెలా మొదటి బేస్‌లైన్ మీదే కొత్తది కొట్టేవాళ్లు. మూడేళ్లు నడిచిన ఆ పని కాగితం మీద ఒక్క దినం కూడా లేటు కాలేదు! మొదటిది ముట్టుకోకండి, సవరించింది రెండో దాంట్లో పెట్టండి.

ఇంకొకటి. గడిచిపోయిన వారంలో జరగని పని తనంతట తాను ముందుకు జరగదు, పోయిన తేదీలోనే కూర్చుని ఉంటుంది. అప్‌డేట్ ప్రాజెక్ట్‌లోకి పోయి, మిగిలిన పని ఈ తేదీ తర్వాత మొదలవ్వాలని మనమే చెప్పాలి. చాలామంది ఇది చెయ్యరు, ఆపైన సాఫ్ట్‌వేర్ తప్పు చెప్తాందంటారు.

ఇప్పుడు ఒక్క వాక్యం చెబితే ఏఐ పనుల జాబితా రాసిస్తోంది. ఫుటింగు, కాలమ్స్, బ్రేసింగు వరసగానే ఇస్తుంది, కాదనను. కానీ గూగూడు ఊళ్లో మొహర్రానికి జరిగే పీర్ల పండక్కి మన కూలీలు సైటు వదిలి పోతారని దానికెవరు చెప్పాలి? ఏడాదికొకసారి తిరిగొచ్చే సెలవుగా పెట్టినా కుదరదు, మొహర్రం ప్రతి ఏడూ పదకొండు దినాలు అటూఇటుగా ముందుకొస్తుంది. ఏ ఏడు తేదీలు ఆ ఏడు చేత్తో వేసుకోవాల్సిందే. ఉగాదిదీ అదే కథ.

ఇంక మాటలు చాలు. ఆ ట్యాంకు ఫైలే తెచ్చాను, తెర మీద తెరుస్తున్నా. వెనక లైట్లు ఆర్పండి నాయనా. ముందు క్యూరింగ్ వరుస దగ్గరికి పోదాం. నా తప్పు అక్కడ అట్లాగే ఉంది, దిద్దలేదు. మీలో ఒకరొచ్చి ఈడి కొట్టండి, ఏయే తేదీలకు రంగు పడుతుందో అందరం చూద్దాం.