గొంతు ఆగిన తర్వాత
(విజయనగరంలో ఒక సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు నమస్కారం. సంగీత కళాశాల నుంచి వచ్చిన పిల్లలకూ, వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన మాస్టారికీ ఇంకో నమస్కారం. ఇది కాస్త భయంతో పెడుతున్నది. 1919లో మొదలైన కళాశాల మీది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా కూర్చున్న చోటు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు నేర్పిన చోటు, ఘంటసాల గారు చదువుకున్న చోటు. అక్కడివాళ్ళ ముందు నాలాంటివాడు సంగీతం గురించి మాట్లాడటం కమ్మరి వీధిలో సూదులమ్మడమే. అందుకని మీ వీధిలో దొరకని సూదులు నాలుగు ఏరుకొచ్చాను, గొంతు ఆగినా పొడుగ్గా సాగిపోయే జానపద రాక్ గిటారు పాటలు.

నేను సంగీతం నేర్చుకోలేదు. గంటస్తంభానికి కొద్ది దూరంలో చాలా ఏళ్ళు క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపాను. ఇక్కడ తల నెరిసినవాళ్ళకు ఆ వ్యాపారం గుర్తుంటుంది. మీరు కాగితం మీద పాటలు రాసిస్తారు, నేను ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కిస్తాను. అరవై నిమిషాల క్యాసెట్ అయితే ఒక్కో వైపు అరగంట. ఆ అరగంటలో ఏడు సినిమా పాటలు పట్టాలి. చివరి పాట పట్టకపోతే వాల్యూమ్ మెల్లగా తగ్గించి కట్టేయాలి. ఆ తగ్గించడంలో నాకు మంచి పేరుండేది. పాట తెగిందని ఎవరికీ తెలిసేది కాదు.

ఒక్కాయనకు తెలిసింది. ఉద్దానం వైపు మనిషి, ఓడల్లో పనిచేసేవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా పెట్టెలో నాలుగైదు ఇంగ్లీషు రికార్డులు తెచ్చేవాడు. వాటిలోంచి ఏరిన పాటలన్నీ ఒకే క్యాసెట్‌లోకి ఎక్కించమన్నాడు. ఒక వైపు చివర పదకొండు నిమిషాల పాట వచ్చింది. చోటు ఆరు నిమిషాలే మిగిలింది. ఒక ఆడగొంతు కథ పాడుతోంది. గొంతు ఆగింది. మిగిలింది వాయిద్యమే కదా అనుకుని నా నేర్పంతా చూపించి కట్టేశాను. మర్నాడు ఆయన వచ్చాడు. కోప్పడలేదు. “పాట మొదలయ్యే చోట ఆపేశారు బాబూ” అన్నాడు. రెండోసారి ఎక్కించడానికి డబ్బు కూడా ఇవ్వబోయాడు. ఆ సిగ్గుతోనే షాపు మూసిన తర్వాత ఆ పాట ఒంటరిగా కూర్చుని మొదటినుంచి చివరిదాకా విన్నాను. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ రాత్రి నుంచి వచ్చినదే.

ఆ పాట ‘ఎ సెయిలర్స్ లైఫ్’. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఇంగ్లండు బృందం 1969లో రికార్డు చేసింది. పాట వాళ్ళు రాసింది కాదు, పాత ఇంగ్లీషు జానపద గేయం. ప్రియుడు ఓడెక్కి పోయాడు. అతన్ని వెతుక్కుంటూ ఆమె పడవలో సముద్రం మీదికి వెళుతుంది. అతను మునిగిపోయాడని తెలుస్తుంది. ఆమె కూడా మిగలదు. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ పల్లె రేవులో చెప్పినా ఈ కథ మనదే అనుకుంటారు.

శాండీ డెన్నీ పాడిన తీరు చూడండి. మొదట్లో తాళం లేదు. డ్రమ్ములవాడు కంచు తాళాల అంచులు నిమురుతుంటాడు, అల వెనక్కి పోతున్నట్టు. గిటార్లు ఒకటి రెండు తీగలు మీటి ఊరుకుంటాయి. చరణం తర్వాత చరణం గడిచేకొద్దీ కింద ఒక నడక పుడుతుంది. ఎప్పుడు పుట్టిందో మీరు చెప్పలేరు. నేను ఎన్నిసార్లు విన్నా ఆ క్షణాన్ని పట్టుకోలేకపోయాను. ఇంచుమించు సగంలో ఆమె కథ ముగించి తప్పుకుంటుంది. అక్కడినుంచి రిచర్డ్ థాంప్సన్ గిటారు, డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలు. స్వార్‌బ్రిక్ అప్పటికి బృందంలో మనిషి కాడు, ఆ రికార్డింగుకు పిలిస్తే వచ్చినవాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ, తోసుకుంటూ, పైకి లేస్తారు. తుపాను అని నేను చెప్పను. ఎవరైనా చెప్పేస్తారు. నాకైతే ఆ ఫిడేలు ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తున్న మనిషిలా వినిపిస్తుంది. అంతా ఒకే టేకులో వాయించినది. డ్రమ్స్ వాయించిన మార్టిన్ లాంబుల్‌కు పంతొమ్మిదేళ్ళు. ఆ ఏడాది మే నెలలో కచేరీ చేసి తిరిగొస్తుంటే వ్యాను బోల్తాపడి చనిపోయాడు. రికార్డు జూలైలో బయటికి వచ్చింది. తాళాలను అంత మెత్తగా నిమిరిన చెయ్యి అది.

ఇలాంటి పాటలకు జానపద రాక్ అని పేరు. పాత కథాగేయాన్ని తీసుకుని ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ పెట్టి పాడటం, లేకపోతే కొత్త పాటనే ఆ పద్ధతిలో కట్టడం. నిర్వచనం ఇంతకంటే అక్కర్లేదు.

ఇక్కడ పిల్లలు ఒకటి అడగవచ్చు. ఇది మన ఆలాపన లాంటిదేనా అని. కాదు. తూర్పుతో పోల్చి గొప్ప చేయాల్సిన పని లేదు. ఆలాపనలో తాళం ఉండదు, రాగం కాపలా కాస్తుంది. స్వరకల్పనలో ఎంత దూరం పోయినా ఎడుపు దగ్గరికి, అంటే పాట ఎత్తుకున్న చోటికి, వచ్చి వాలాలి. ఈ గిటారువాళ్ళ మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు అల్లే వాయింపుకు, అంత గట్టి రాగమూ లేదు, వాలాల్సిన చోటూ లేదు. మరి పాట చెదిరిపోకుండా ఏది పట్టుకుంటోంది?

జవాబు నాకు బుర్రకథలో దొరికింది. కథకుడు తంబుర పట్టుకుని ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తూ చెబుతాడు, మనం అతన్నే చూస్తాం. కానీ పక్కన ఇద్దరు వంతలు “తందాన తాన” అని అందుకోకపోతే అతనికి ఊపిరి పీల్చుకునే చోటు కూడా దొరకదు. మన జముకుల కథలోనూ అంతే. తోలులోంచి లాగిన నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటే ఆ జముకు ఒకే మాటను గంటలకొద్దీ చెబుతుంది. దాని మీదనే కథ నడుస్తుంది. సుదీర్ఘమైన గిటారు పాటలో వినవలసినది ముందు ఆ వంతను. గిటారు ఎంతసేపు వాయించాడన్నది లెక్క కాదు. వెనక ఉన్నవాళ్ళు ఎంతసేపు కదలకుండా నిలబడ్డారన్నదే లెక్క.

దీనికి నాకు తెలిసిన గొప్ప రుజువు నీల్ యంగ్. కెనడా మనిషి. 1969లోనే క్రేజీ హార్స్ అనే బృందంతో ఒక రికార్డు చేశాడు. అందులో రెండు పొడుగు పాటలు, ‘డౌన్ బై ది రివర్’, ‘కౌగర్ల్ ఇన్ ది శాండ్’. మొదటిది తొమ్మిది నిమిషాల పైన, రెండోది పది. జ్వరంతో మంచంలో పడుకుని ఈ రెంటినీ ఒకే రోజు కట్టానని ఆయనే చెప్పుకున్నాడు. వింటే నమ్మబుద్ధవుతుంది, ఆ పాటలకు వెచ్చదనం ఉంది. ‘డౌన్ బై ది రివర్’లో చరణమంతా రెండే కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు. గిటారు వంతు రాగానే యంగ్ ఏం చేస్తాడో తెలుసా? ఒక్క స్వరాన్ని పట్టుకుని దాన్నే కొడతాడు. మళ్ళీ అదే. మళ్ళీ అదే. కళాశాలలో ఇలా వాయిస్తే మాస్టారు లేచి వెళ్ళిపోతారు. కానీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండో చెవిలో ఉన్న గిటారును వినండి. అది డానీ విట్టెన్ అనే అతనిది. ఆ ఒక్క స్వరం కింద అతను రెండు కార్డుల మధ్య తిరుగుతూ ఊపును మారుస్తుంటాడు. స్వరం మారలేదు, దాని కింద నేల మారింది. అందుకే విసుగు రాదు. విట్టెన్ 1972లో చిన్న వయసులోనే పోయాడు. ఆ వంత పోయిన తర్వాత యంగ్ ఎన్నో గొప్ప పాటలు చేశాడు గానీ అలాంటి సంభాషణ నాకు మళ్ళీ వినిపించలేదు. ఇది నా మాట, ఒప్పుకోనక్కర్లేదు.

అదే బృందంతో 1975లో వచ్చిన ‘కార్టెజ్ ది కిల్లర్’ కూడా వినండి. ఏడున్నర నిమిషాల పాటలో గొంతు వినిపించేసరికి మూడు నిమిషాలు దాటిపోతాయి. మన సిరిమానోత్సవం తెలిసిన ఊరికి ఈ ఎదురుచూపు కొత్త కాదు. పొద్దున్నుంచి జనం మేడలెక్కి కూర్చుంటారు. పాలధార వస్తుంది, బెస్తవారి వల వస్తుంది, అంజలి రథం వస్తుంది, తెల్ల ఏనుగు వస్తుంది. సిరిమాను మాత్రం రాదు. ఎవరైనా లేచి ఇంటికి పోతారా? ఆ వచ్చేవన్నీ ఉత్సవమే కదా. ఈ పాట రికార్డు చేస్తుండగా కరెంటు పోయి ఒక చరణం మొత్తం టేపు మీదికి ఎక్కలేదని చెబుతారు. బృందం వాయించడం మాత్రం ఆపలేదు. షాపులో ఎన్నిసార్లు కరెంటు పోయి నేను తిట్లు తిన్నానో తలచుకుంటే, ఆ చరణం లేకుండానే పాట నిలిచిపోయిందని విన్నప్పుడు కాస్త ఈర్ష్య పుట్టింది.

వంత మారితే పాట ఎంత మారుతుందో చూడాలంటే మళ్ళీ రిచర్డ్ థాంప్సన్ దగ్గరికి రావాలి. ‘ది కాల్వరీ క్రాస్’ అనే పాట 1974 రికార్డులో నాలుగు నిమిషాలు కూడా ఉండదు. మరుసటి ఏడు ఆక్స్‌ఫర్డ్ కచేరీలో అదే పాటను పదమూడు నిమిషాలు వాయించాడు. ముందు చిన్నది వినండి, ఒక వారం ఆగి పెద్దది వినండి. ఒకే రోజు వినవద్దు. చిన్నదానిలో బిగించి ఉన్న ముడి పెద్దదానిలో నెమ్మదిగా విప్పుకుంటుంది. థాంప్సన్ గిటారులో ఇంకో విశేషం, అతను పాడే గొంతును గిటారుతో అనుకరించడు. గొంతు చెప్పడానికి భయపడినదాన్ని గిటారుతో చెబుతాడు.

మెచ్చుకోలు మాత్రమే చెబితే మీరు నన్ను నమ్మరు. బర్డ్స్ అనే అమెరికా బృందం ఉంది. 1965లో ఊళ్ళు తిరుగుతూ ఒక క్యాసెట్‌లో రవిశంకర్ సితారు, జాన్ కోల్ట్రేన్ శాక్సోఫోన్ మళ్ళీ మళ్ళీ విన్నారు. దాని ఫలితమే 1966లో వచ్చిన ‘ఎయిట్ మైల్స్ హై’. మూడున్నర నిమిషాల ఆ చిన్న పాట ఒక మెరుపు. 1970లో అదే పాటను వేదిక మీద పదహారు నిమిషాలు సాగదీశారు. క్లారెన్స్ వైట్ గిటారు అద్భుతం, కాదనను. కానీ మధ్యలో బాస్, డ్రమ్స్ మాత్రమే మిగిలే చోట నేను ప్రతిసారీ టీ పెట్టుకోవడానికి లేస్తాను. వంతలు కథ చెప్పడం మొదలుపెడితే అంతే. పెంటాంగిల్ వాళ్ళ ‘జాక్ ఓరియన్’ 1970 నాటిది, పద్దెనిమిది నిమిషాలు, రికార్డు ఒక వైపంతా అదే. ఓపిక ఉన్న రోజున వినండి.

‘మార్నింగ్ డ్యూ’ సంగతి వేరు. బానీ డాబ్సన్ అనే కెనడా గాయని కట్టిన పాట. అణుయుద్ధం తర్వాత మిగిలిన ఇద్దరు మనుషుల మాటలు. బాంబు అనే మాట ఎక్కడా రాదు. పొద్దున్నే మంచులో నడిచివస్తానంటుంది ఒక గొంతు, ఇక అలా నడవలేమంటుంది ఇంకోటి. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1972లో యూరప్ పర్యటనలో వాయించినది పది నిమిషాల పైన ఉంటుంది. జెర్రీ గార్సియా గొంతు చివరికి గుసగుస అవుతుంది, గిటారు కూడా దాదాపు వినిపించదు. నేను మొదటిసారి క్యాసెట్ పాడైందనుకుని పెన్సిలు కోసం వెతికాను. అంతలో అడుగునుంచి లేచింది. తప్పెటగుళ్ళవాళ్ళు నెమ్మదిగా అడుగులు వేస్తూ వేస్తూ ఉన్నట్టుండి గంతుకు వచ్చేటప్పుడు గుండెలో ఏది కదులుతుందో, అది కదిలింది.

ఇంగ్లీషు మాటలు అర్థం కావని కొందరు వెనకాడతారు. వాళ్ళు ఇండియన్ ఓషన్ అనే మన ఢిల్లీ బృందంతో మొదలుపెట్టండి. 2000లో వచ్చిన ‘కందీసా’ పాట కేరళ సిరియన్ క్రైస్తవుల పాత అరమాయిక్ కీర్తన. ఆ భాష నాకూ రాదు, మీకూ రాదు, హాయిగా సమానం. అదే రికార్డులో ‘మా రేవా’ నర్మదా తీరపు జానపదం. సుస్మిత్ సేన్ గిటారు వింటే బొబ్బిలి వీణ తయారుచేసే గొల్లపల్లివాళ్ళు కూడా తల ఊపుతారు. తీగ మీటిన తర్వాత అది మోగి తగ్గేదాకా ఆగే ఓర్పు ఉంది అతనికి. అసీమ్ చక్రవర్తి తబలా మరీ వినండి. వంత అంటే అదే. ఆయన 2009లో పోయారు.

ఫోనులో వినేవాళ్ళకు ఒక్క మాట. పాట కింద ఒక గీత కదులుతుంటుంది, ఎంత అయింది, ఎంత మిగిలింది అని. దాన్ని చూస్తూ ఈ పాటలు వినకండి. ఫోను బోర్లా పెట్టండి. నేను క్యాసెట్ చోటు చూసుకుంటూ ఒకసారి విని చెడిపోయినవాణ్ణి.

నాకు ఇచ్చిన సమయం దాటుతోందని అధ్యక్షులు రెండుసార్లు గడియారం చూశారు. క్షమించాలి, ఇంకో పదకొండు నిమిషాలు అడుగుతున్నాను. ఆ ఓడ మనిషి నాకు వదిలిపెట్టి వెళ్ళిన రికార్డు తెచ్చాను. మొదట్లో శబ్దం చాలా తక్కువగా ఉంటుంది, ఆ తాళాల అంచులు ఫ్యాను గాలిలో కలిసిపోతాయి. తలుపు దగ్గర కూర్చున్న బాబు ఆ రెండు ఫ్యాన్లూ ఆపితే, సూది పెడతాను.