కప్‌బోర్డులకు ప్లైవుడ్: షీటు మీది గ్రేడు దేని గురించి చెబుతుంది?

నమస్కారం. వంటగది కప్‌బోర్డులకు, బట్టల బీరువాలకు ప్లైవుడ్ కొనబోతున్నవారి కోసం ఈ వీడియో రివ్యూ. బల్ల మీద ఉన్న మూడు ముక్కల మందమూ 19 మిల్లీమీటర్లే. మొదటిది బజారులో కమర్షియల్ ప్లై అనే ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్, అంటే నెమ్మును తట్టుకునేది), రెండోది బీడబ్ల్యూఆర్ (బాయిలింగ్ వాటర్ రెసిస్టెంట్, అంటే మరిగే నీటిని తట్టుకునేది), మూడోది అందరూ ‘710’ అని పిలిచే మెరైన్ ప్లై. కంపెనీల పేర్లను కావాలనే కాగితంతో కప్పాను; ఈ రోజు మనం చూడవలసింది బ్రాండును కాదు, గ్రేడును.

ముందుగా ముద్ర. సాధారణ అవసరాలకు వాడే ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 303. ఇందులోని ఎంఆర్, బీడబ్ల్యూఆర్ గ్రేడులు ప్రధానంగా జిగురు గురించి, అంటే పొరలను పట్టి ఉంచే జిగురు నీటిని ఎంతవరకు తట్టుకుంటుందన్న దాని గురించి చెబుతాయి. ఎంఆర్‌ను 60 డిగ్రీల వేడినీటిలోనూ, బీడబ్ల్యూఆర్‌ను మరిగే నీటిలోనూ ఉంచి పరీక్షిస్తారు. ఐఎస్ 710 కింద వచ్చే మెరైన్ ప్లైని మాత్రం 72 గంటలు మరిగించి, ఆ తరువాత పొరల మధ్య కత్తి దూర్చి పట్టు చూస్తారు. ఏయే జాతుల కలప వాడవచ్చు, పురుగు పట్టకుండా దానికి ఎలాంటి మందు పట్టించాలి అన్నవి కూడా ఆ ప్రమాణంలో ఉన్నాయి. కాబట్టి 303 షీటు మీద బీడబ్ల్యూఆర్ అని కనిపించినంత మాత్రాన లోపల గట్టి కలప ఉందనుకోవడానికి వీల్లేదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

దుకాణదారు ‘ఇది హార్డ్‌వుడ్ ప్లై అండీ’ అనగానే నిశ్చింతపడనవసరం లేదు. వృక్షశాస్త్రం ప్రకారం వెడల్పాటి ఆకుల చెట్ల కలప అంతా హార్డ్‌వుడ్డే. ఆ లెక్కన గోటితో నొక్కితే గాటు పడే పాప్లర్ కూడా హార్డ్‌వుడ్డే అవుతుంది. హర్యానాలోని యమునానగర్ మిల్లులలో పాప్లర్ వాడకం ఎక్కువ. గట్టి కోర్, అంటే గట్టి లోపలి పొరలు కావాలంటే, మన జిల్లాలలో కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్ వంటి కలప పొరలు ఉండాలి. తేడా చేతికే తెలుస్తుంది: 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న 19 మిల్లీమీటర్ల షీటు జామాయిల్ కోర్‌తో సుమారు 40 కిలోలు తూగితే, పాప్లర్ కోర్‌తో 30 కిలోల దగ్గర ఆగుతుంది. అయితే సరిగా ఆరని షీటు కూడా బరువుగానే ఉంటుంది కనుక తూకం ఒక్కటే చాలదు.

ఇప్పుడు కెమెరాను అంచు దగ్గరికి తెస్తున్నాను. ఈ ముక్కలో పొరల సంఖ్య బేసి. ఒక పొర నార పొడవునా సాగితే, దాని పక్క పొర నార అడ్డంగా ఉంటుంది. షీటు వంకర తిరగకుండా ఆపేది ఈ అమరికే. మధ్యలో కనిపిస్తున్న ఈ నల్లని సందును చూడండి. రెండు వెనీర్ (పలుచని కలప పొర) ముక్కలు ఒకదానికొకటి ఆనకపోవడం వల్ల ఏర్పడిన కోర్ గ్యాప్ ఇది. తలుపు కబ్జా (హింజ్) స్క్రూ సరిగ్గా ఇక్కడ దిగితే దానికి పట్టు దొరకదు. ముక్కలు ఒకదానిపైకి ఒకటి ఎక్కినా తప్పే, ఎందుకంటే ఆ ఉబ్బు సన్‌మైకా అతికించిన తరువాత కూడా గీతలా కనబడుతుంది. పొరల మధ్య ముదురు గోధుమ రంగు గీత ఉంటే సాధారణంగా అది నీటిని బాగా తట్టుకునే ఫినాలిక్ జిగురు, లేత గీత అయితే అంతగా తట్టుకోని యూరియా జిగురు. కానీ జిగురులో రంగు కలిపేవారూ ఉన్నారు. షీట్ల అంచులకు రంగు పూసి ఉంటే ఇవేవీ కనబడవు, కాబట్టి దుకాణంలో కోసిన ముక్క చూపించమని మొహమాటం లేకుండా అడగాలి.

పైపొర ఎర్రగా ఉంటే వాటర్‌ప్రూఫ్ అన్న నమ్మకం బజారులో బలంగా ఉంది. అది నిజం కాదు. ఆ ఎరుపు గర్జన్ అనే చెట్టు వెనీర్‌ది కావచ్చు, పూసిన రంగు కావచ్చు. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే పూత రంగు కొంత బయటపడుతుంది. 303లో ఉపరితలాన్ని బట్టి ఏఏ, ఏబీ, బీబీ అనే వర్గీకరణ కూడా చాలాకాలంగా ఉంది గానీ, రెండు వైపులా సన్‌మైకా వంటి లామినేట్ వేసే పనికి దాని గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు.

నా అభిప్రాయంలో సింకు కింది అరకు 710 తప్పనిసరి. మిగిలిన వంటగదికి మంచి కోర్ ఉన్న బీడబ్ల్యూఆర్ సరిపోతుంది. నెమ్ము లేని గదిలోని టీవీ యూనిట్‌కు ఎంఆర్ చాలు. ఇల్లంతా 710 వేయమని పట్టుబట్టే మేస్త్రులతో నేను ఏకీభవించను. ఏడడుగుల బీరువా తలుపులకైతే ప్లై కంటే, లోపల చెక్క పట్టీలు పేర్చి చేసే బ్లాక్‌బోర్డు తక్కువ వంగుతుంది.

డబ్బు కట్టే ముందు ఐఎస్ఐ ముద్ర దగ్గరున్న సీఎం/ఎల్ నంబరును, అంటే తయారీదారు లైసెన్సు నంబరును, భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, లైసెన్సు ఎవరి పేరున ఉందో, అమలులో ఉందో లేదో సరిచూసుకోండి. బిల్లులో ఉత్త ‘ప్లైవుడ్’ అని రాస్తే ఒప్పుకోకండి. ఐఎస్ నంబరు, గ్రేడు, మందం, తయారీదారు పేరు అన్నీ రాయించుకుని, షీట్లు ఇంటికి దిగేటప్పుడు ఒక్కొక్క దాని ముద్రనూ ఆ బిల్లుతో పోల్చి చూడండి.