ఆసుపత్రి గదిలోంచి మాట్లాడిన ప్రధాని

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

2022 మార్చిలో హంగరీ పేరు మన ఇళ్లలో ఒక్కసారిగా వినబడింది. ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు చాలామంది యుద్ధం మొదలవగానే సరిహద్దు దాటి జాహొన్ అనే చిన్న ఊరు చేరారు. అక్కణ్నుంచి రైల్లో బుడాపెస్ట్, బుడాపెస్ట్ నుంచి విమానంలో ఇల్లు. ఫోన్ మోగితే చాలు గుండె దడదడలాడిన ఆ రోజులు ఇక్కడున్న తల్లిదండ్రుల్లో కొందరికి ఇంకా గుర్తుండే ఉంటాయి. పిల్లలు ఇంటికొచ్చాక మనం ఆ దేశాన్ని మర్చిపోయాం. నేను మాత్రం మర్చిపోలేను. ఏళ్ల తరబడి రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి. ప్రభుత్వాలు ఎలా నిలబడతాయి, ఎలా పడిపోతాయి అని క్లాసులో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు హంగరీయే గుర్తొస్తుంది.

ముందుగా ఒక చిన్న సంగతి. హంగరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెబుతారు. పత్రికల్లో మనం విక్టర్ ఓర్బాన్ అని చదివే మనిషి తన ఊళ్లో ఓర్బాన్ విక్టర్. మనకు పాములపర్తి వెంకట నరసింహారావు ఎలాగో అలాగన్నమాట. కాబట్టి ఈరోజు పేర్లన్నీ వాళ్ల పద్ధతిలోనే చెబుతాను, మనకూ సొంతవాళ్ల పేర్లలా వినిపిస్తాయి.

నేను చెప్పబోయేది 1990 మే నుంచి 2010 మే దాకా ఇరవై ఏళ్ల కథ. కమ్యూనిస్టు పాలన పోయాక వచ్చిన తొలి ఇరవై ఏళ్లు. ఏడుగురు ప్రధానులు. ఈ ఏడుగురి గురించీ చదివిన కొద్దీ నాకు ఒకటే ప్రశ్న మిగిలింది: జనానికి ఒక చేదు నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు వీళ్లు ఎప్పుడు చెప్పారు, ఎలా చెప్పారు?

మొదటి ప్రధాని ఆంతాల్ యోజెఫ్. చరిత్రకారుడు. 1956లో సోవియట్ పెత్తనం మీద జనం చేసిన తిరుగుబాటులో పాల్గొన్నందుకు బడిలో పాఠాలు చెప్పే అవకాశం పోగొట్టుకున్నారు. తర్వాత చాలా ఏళ్లు ఒక మ్యూజియంలో పనిచేసి దానికి డైరెక్టరయ్యారు. డాక్టర్లు చేతులు కడుక్కుంటే బాలింతలు బతుకుతారని చెప్పిన సెమ్మెల్‌వైస్ పేరు మీద ఉన్న వైద్య చరిత్ర మ్యూజియం అది. అక్కణ్నుంచి వచ్చి ప్రధాని కుర్చీలో కూర్చున్నారు. తన ప్రభుత్వాన్ని తానే కమికాజె ప్రభుత్వం అన్నారు. అంటే, చచ్చిపోతామని తెలిసే విమానం ఎక్కిన పైలట్ల లాంటి ప్రభుత్వమని. ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. సోవియట్ మార్కెట్ కుప్పకూలింది, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1991లో ధరలు 35 శాతం పెరిగాయి. అప్పటిదాకా నిరుద్యోగమంటే ఏమిటో తెలియని దేశంలో లక్షల మంది ఉద్యోగాలు పోయాయి.

ఆయన కుర్చీ ఎక్కకముందే ఒక ఒప్పందం జరిగింది. 1990 ఏప్రిల్ 29న ఆయన పార్టీ, ప్రధాన ప్రతిపక్షం కూర్చుని గుట్టుగా కుదుర్చుకున్నది. తమ పార్టీల్లోనే చాలామందికి ముందు తెలియదు. అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి చెందిన రచయిత గొంత్స్ ఆర్పాద్‌కు ఇచ్చేట్టు, మూడింట రెండు వంతుల మెజారిటీ కావాల్సిన చట్టాలను తగ్గించేట్టు. దాంతోపాటు జర్మనీ నుంచి ఒక నియమం తెచ్చుకున్నారు: ప్రధానిని దించాలంటే ఆయన స్థానంలో ఎవరు కూర్చుంటారో అదే అవిశ్వాస తీర్మానంలో రాయాలి. మన దగ్గర 1999లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయి, బదులుగా ఎవరూ ప్రభుత్వం కట్టలేక మళ్లీ ఎన్నికలకు పోయాం కదా, ఆ నియమం ఉంటే అలా జరగదు. బలహీనమైన ప్రభుత్వాలొస్తాయేమో అన్న భయం వాళ్లది. న్యాయమైన భయమే. ఆ భయంతోనే కుర్చీ కాళ్లు బాగా దిట్టంగా చేశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక అక్టోబర్. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది, చమురు ధరలు ఎగిశాయి. మన దేశాన్ని 1991లో బంగారం తాకట్టు పెట్టేదాకా నెట్టిన వాటిలో ఆ సంక్షోభం ఒకటి. హంగరీకి దాంతోపాటు సోవియట్ చమురు కూడా తగ్గిపోయింది. పెట్రోలు ధర పెంచక తప్పదని ప్రభుత్వానికి తెలుసు. కానీ పెంచే ఆలోచన లేదని ప్రభుత్వం తరఫున ప్రకటన వచ్చింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, అక్టోబర్ 25 గురువారం, ధర ఒక్కసారిగా 65 శాతం పెంచుతున్నట్టు చెప్పారు.

ఆ రాత్రి బుడాపెస్ట్ టాక్సీ డ్రైవర్లు బండ్లు తీసుకెళ్లి డాన్యూబ్ నది వంతెనల మీద అడ్డంగా పెట్టేశారు. బుడా ఒక ఒడ్డు, పెస్ట్ ఇంకో ఒడ్డు. వంతెనలు మూస్తే ఊరు రెండు ముక్కలు. మర్నాటికి దేశంలో పెద్ద రోడ్లన్నీ ఆగిపోయాయి. అంబులెన్సులకు దారి వదిలారు. జనం డ్రైవర్లను తిట్టలేదు, ఇళ్ల నుంచి టీ, తిండి తెచ్చి పెట్టారు. ధర పెరిగిందన్న బాధ ఒక ఎత్తు, మొన్ననే పెంచం అని చెప్పి ఇవాళ పెంచారన్న మంట ఇంకో ఎత్తు. కమ్యూనిస్టులు అలాగే చేసేవాళ్లు. వీళ్లూ అంతేనా అన్నది ఆ జనం ప్రశ్న.

ప్రధాని ఆ రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నారు, ఆపరేషన్ అయి కోలుకుంటూ. బలగాలను దించాలన్న ఆలోచన ప్రభుత్వంలో వచ్చింది. సైన్యాన్ని వాడటానికి అధ్యక్షుడు గొంత్స్ అడ్డు చెప్పారు. ఆదివారం ప్రభుత్వం, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు ఒక బల్ల చుట్టూ కూర్చున్నాయి. ఆ చర్చలను టీవీలో ప్రత్యక్ష ప్రసారం చేశారు. ఎవరు ఏమంటున్నారో, ఎవరు తడబడుతున్నారో ఇంటింటా చూశారు. అదే రోజు తెర మీద ప్రధాని కూడా కనిపించారు, ఆసుపత్రి గదిలోంచి, పైజమాలో. పరిస్థితి ఏమిటో, ధర ఎందుకు పెంచాల్సి వచ్చిందో నింపాదిగా చెప్పారు. ఫోరింట్ అంటే వాళ్ల రూపాయి; లీటరుకు 12 ఫోరింట్లు తగ్గించడానికి ఒప్పందం కుదిరింది, టాక్సీలు కదిలాయి. నాలుగు రోజుల్లో అంతా సర్దుకుంది. దారులు మూసినవాళ్లకు తర్వాత క్షమాభిక్ష కూడా ఇచ్చారు.

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. తప్పు జరిగింది, అందులో సందేహం లేదు. కానీ దాన్ని దిద్దుకున్నది అందరి కళ్ల ముందు. ఆంతాల్ ఆ తర్వాత మూడేళ్లు క్యాన్సర్ చికిత్స తీసుకుంటూనే పాలించారు. 1993 డిసెంబర్ 12న పదవిలో ఉండగానే చనిపోయారు. ఆయన హోంమంత్రి బోరోష్ పేటర్ మిగిలిన ఏడు నెలలు నడిపి దిగిపోయారు.

1994లో జనం పాత కమ్యూనిస్టులనే పిలిచారు. హోర్న్ ద్యులా. 1989లో విదేశాంగ మంత్రిగా ఆస్ట్రియా సరిహద్దులో ఇనుప కంచెను కటింగ్ ప్లయర్‌తో కత్తిరిస్తూ ఫొటోలో కనిపించే ఇద్దరిలో ఒకాయన. ఆయన పార్టీకి మూడో వంతు ఓట్లొచ్చాయి, 386 సీట్లలో 209 దక్కాయి. అంటే సగానికి పైన. గెలిచినవాడికి ఎక్కువ సీట్లిచ్చే ఎన్నికల చట్టం మహిమ అది. ఆయనకు ఒంటరిగానే మెజారిటీ ఉన్నా ఉదారవాదులను కలుపుకుని పాలించారు. ఎన్నికలప్పుడు పాత రోజుల భద్రత గుర్తొచ్చేలా మాట్లాడినవాళ్లు, 1995 మార్చి 12 ఆదివారం నాడు మాత్రం వేరే మాట చెప్పారు. ఆర్థికమంత్రి బొక్రోష్ లాయోష్ కరెన్సీ విలువను 9 శాతం తగ్గించారు, దిగుమతుల మీద అదనపు సుంకం వేశారు, కాలేజీ ఫీజులు పెట్టారు, పిల్లల భత్యాలకు కోత పెట్టారు. ఆ రోజే ఇద్దరు మంత్రులు రాజీనామా చేశారు. అందులో కొన్ని కోతలను రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఆ ఏడాది జీతాల అసలు విలువ పదో వంతుకు పైగా పడిపోయింది. నా అభిప్రాయం అడిగితే, దేశం దివాలా తీయకుండా కాపాడింది ఆ మందే. కానీ ఓటడిగినప్పుడు ఈ మందు సంగతి ఎవరూ చెప్పలేదు. 1998లో హోర్న్ ఓడిపోయారు.

అప్పుడు వచ్చారు ఓర్బాన్ విక్టర్, 35 ఏళ్ల వయసులో. 1989 జూన్‌లో వీరుల చౌక్‌లో లక్షల మంది ముందు నిలబడి సోవియట్ సైన్యం వెళ్లిపోవాలని అడిగిన గడ్డం కుర్రాడు. నాలుగేళ్లు పాలించారు, 1999లో దేశం నాటోలో చేరింది, 2002లో కొద్ది తేడాతో ఓడిపోయారు. ఓడాక ఆయన అన్న మాట హంగరీలో అందరికీ తెలుసు: మాతృభూమి ప్రతిపక్షంలో ఉండదు. అంటే తన పార్టీయే దేశమని. ప్రజాస్వామ్యంలో ఓడిన నాయకుడు అనకూడని మాట అది.

హోర్న్ పార్టీ తరఫున గెలిచిన మెద్యెషి పేటర్ కుర్చీ ఎక్కిన మూడు వారాలకే ఒక దినపత్రిక బాంబు పేల్చింది. కమ్యూనిస్టుల కాలంలో ఆయన గూఢచారి విభాగంలో డి-209 అనే పేరుతో పనిచేశారని. హంగరీ అంతర్జాతీయ ద్రవ్యనిధిలో చేరే ప్రయత్నాన్ని సోవియట్ గూఢచారుల కంట పడకుండా కాపాడానని ఆయన జవాబిచ్చారు. కుర్చీ మిగిలింది. ప్రభుత్వోద్యోగులకు జీతాలు సగానికి సగం పెంచారు, పింఛనుదార్లకు పదమూడో నెల పింఛను మొదలుపెట్టారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు, కానీ అప్పు చేసి. 2004 మే 1న దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో సొంత కూటమిలో గొడవలకు ఆయన పదవి పోయింది.

తర్వాత ద్యుర్చాన్ ఫెరెంత్స్. 2006 ఏప్రిల్‌లో గెలిచారు. ఈ ఇరవై ఏళ్లలో కుర్చీలో ఉండి ఎన్నిక గెలిచిన ప్రధాని ఆయన ఒక్కరే. మే 26న బాలటాన్ సరస్సు ఒడ్డున, ఓసోద్ అనే చోట, తలుపులు మూసుకుని సొంత పార్టీ ఎంపీలతో మాట్లాడారు. ఉదయం, రాత్రి, సాయంత్రం అబద్ధాలే చెప్పాం అన్నారు. బూతు మాటలూ దొర్లాయి. ఆ ప్రసంగం మొత్తం చదివితే ఆయన ఉద్దేశం వేరని తెలుస్తుంది: ఇక ఇలా నడవదు, నిజం చెప్పి లెక్కలు సరిచేద్దాం అని తన వాళ్లను బతిమాలుకుంటున్నారు. కానీ ఆ నిజం చెప్పింది ఓటర్లకు కాదు, ఎన్నికలకు ముందు కాదు. సెప్టెంబర్ 17న రికార్డింగ్ బయటికొచ్చి రేడియోలో వినబడింది. మర్నాడు రాత్రి ఆందోళనకారులు ప్రభుత్వ టీవీ భవనం మీద దాడి చేశారు. అక్టోబర్ 23న, 1956 తిరుగుబాటు యాభయ్యో వార్షికోత్సవం రోజున, పోలీసులు రబ్బరు బుల్లెట్లు కాల్చారు. ప్రదర్శనకు పెట్టిన పాత సోవియట్ ట్యాంకును ఎవరో స్టార్ట్ చేసి వీధిలో నడిపించారు.

అప్పుడైనా ఆయన దిగిపోవాల్సింది. దిగలేదు. అక్టోబర్‌లోనే పార్లమెంటులో విశ్వాస పరీక్ష నెగ్గారు. ప్రతిపక్షానికి ఆయన్ని దించాలంటే సంఖ్యాబలంతోపాటు ఒప్పుకునే కొత్త పేరు కూడా కావాలి. 1990లో దిట్టంగా చేసిన కాళ్లు ఇక్కడ పనిచేశాయి, దేశానికి కాకుండా కుర్చీలో ఉన్నవాడికి. జనం ఒక్క మాట నమ్మని ప్రధాని రెండున్నరేళ్లు పాలించారు. డాక్టర్‌ను చూడటానికి పెట్టిన 300 ఫోరింట్ల ఫీజును 2008 మార్చిలో జనం రిఫరెండంలో చిత్తుగా ఓడించారు. ఆ శరదృతువులో ప్రపంచ సంక్షోభం తాకితే ద్రవ్యనిధి, యూరోపియన్ యూనియన్, ప్రపంచ బ్యాంకు కలిసి 2000 కోట్ల యూరోల అప్పుతో ఆదుకోవాల్సి వచ్చింది.

2009 ఏప్రిల్‌లో పాత నియమం ప్రకారమే, తీర్మానంలో పేరు రాసి, బయ్‌నాయ్ గోర్డన్‌ను కూర్చోబెట్టారు. ఏడాది పనిచేశారు. పదమూడో నెల పింఛను రద్దు చేశారు, వ్యాట్ 25 శాతానికి పెంచారు. ఎన్నికల్లో నిలబడనని ముందే చెప్పారు, జీతం నెలకు ఒక్క ఫోరింట్ తీసుకున్నారు. చేదు మందు ఇస్తున్నానని చెప్పి ఇచ్చినవాడు ఈ ఏడుగురిలో ఈయనే. కానీ అప్పటికి వినేవాళ్లెవరూ మిగల్లేదు.

2010లో ఓర్బాన్ 53 శాతం ఓట్లతో తిరిగొచ్చారు. అదే ఎన్నికల చట్టం ఆయనకు మూడింట రెండు వంతుల సీట్లిచ్చింది. రాజ్యాంగాన్నే మార్చగల బలం అది. 2011 ఏప్రిల్‌లో, ఏడాది తిరక్కుండానే, కొత్త రాజ్యాంగం వచ్చింది. సోషలిస్టులు, అంటే హోర్న్, ద్యుర్చాన్‌ల పార్టీవాళ్లు, ఓటింగ్‌కే రాలేదు. తర్వాతి ప్రభుత్వాలు మార్చాలంటే మళ్లీ మూడింట రెండు వంతులు కావాల్సిన చట్టాలు వరుసగా చేశారు. ఎన్నికల చట్టం కూడా మార్చారు. 2014లో 45 శాతం ఓట్లకు 199లో 133 సీట్లొచ్చాయి.

ద్యుర్చాన్ దాచి చెప్పిన మాట రికార్డింగులో దొరికింది. ఓర్బాన్ మాట అలా దొరకాల్సిన పని లేదు. 2011 జూన్‌లో ఒక ఆస్ట్రియా పత్రిక ఇంటర్వ్యూలో ఆయనే చెప్పారు: ఆర్థిక చట్టాల విషయంలో తర్వాతి ప్రభుత్వం చేతులు కట్టేయాలనుకుంటున్నాను, ఆ ఒక్కదానివే కాదు, ఆ తర్వాత వచ్చే పది ప్రభుత్వాల చేతులూ.