పాత చేతక్, పక్కన యాక్టివా: స్కూటర్ మళ్లీ ఎలా నిలబడింది?

నమస్తే అండీ. ఈ వారం రివ్యూకి కొత్త బండి లేదు. మీరు చూస్తున్నది బజాజ్ చేతక్, ఎనభైల నాటిది, మా బాబాయి వాళ్లది. ఈ మధ్యే ఇంజిన్ విప్పించి, రంగు కొట్టించి మళ్లీ రోడ్డెక్కించారు. పక్కన ఉన్న యాక్టివా మా ఇంట్లో రోజూ తిరిగే బండి. ఒకప్పుడు ఏళ్ల తరబడి ఎదురుచూసి కొన్న స్కూటర్‌ని జనం ఎందుకు వదిలేశారు, మళ్లీ ఎందుకు ఇంటికి తెచ్చుకున్నారు? ఈ రెండూ నడుపుతూ మాట్లాడుకుందాం.

ముందు స్టార్ట్ చేద్దాం. కెమెరా కొంచెం కిందికి... ఆ, చాలు. సీటు కింద ఉన్నది పెట్రోల్ ట్యాప్, ఆన్‌కి తిప్పాలి. దాని దగ్గరే చోక్, లాగాలి. ఇప్పుడు బండిని ఇలా పక్కకి వంచి, కాసేపు పట్టుకుని, మళ్లీ నిలబెట్టి... కిక్. ఇంకోటి. వచ్చింది! ఈ పొగ చూశారా? టూ స్ట్రోక్ ఇంజిన్ కదా, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. వంచితే పెట్రోల్ కార్బురేటర్‌లోకి దిగుతుందని అప్పట్లో అందరి నమ్మకం. అందులో నిజమెంతో గానీ, మొండికేసిన బండిని వంచకుండా వదిలేసిన మనిషిని మాత్రం నేను చూడలేదు.

గేర్లు ఎడమ చేతిలోనే. క్లచ్ నొక్కి పట్టుకుని మణికట్టు తిప్పాలి. ఫస్టు పైకి, మిగతా మూడూ కిందికి. ఇంజిన్ కుడివైపు ఉంటుంది కాబట్టి బరువు కొంచెం అటే లాగుతుంది. బ్రేకు ముందుగానే మొదలుపెట్టాలి, ఆ కాలం డ్రమ్ బ్రేకులు ఇవి.

ఈ డిజైన్ ఇటలీది. రెండో ప్రపంచ యుద్ధంలో పియాజియో విమానాల ఫ్యాక్టరీ బాంబు దాడుల్లో దెబ్బతింది. విమానాలు చేసే దారి మూసుకుపోయింది. చితికిన రోడ్ల మీద మామూలు జనం తిరగడానికి చవకైన బండి కావాలి. ఆ పని కొర్రాడినో దాస్కానియో అనే విమాన ఇంజనీరు చేతికొచ్చింది. ఆయనకి మోటార్ సైకిళ్లంటే పడేది కాదు. చైన్ బట్టలకి మసి పూస్తుంది, టైరు మార్చాలంటే నరకం, ఎక్కాలంటే కాలు ఎత్తి వేయాలి. అందుకే చైన్ తీసేసి ఇంజిన్‌ని నేరుగా వెనక చక్రం దగ్గర పెట్టారు. ముందు చక్రాన్ని విమానం చక్రంలా ఒకే పక్క నుంచి పట్టారు. ఇదిగో, మన చేతక్‌కీ అంతే. కారు చక్రంలా నట్లు విప్పితే ఊడి వచ్చేస్తుంది. వెనక తగిలించిన స్టెప్నీ ముందుకైనా వెనక్కైనా సరిపోతుంది. 1946లో వచ్చిన ఆ బండే వెస్పా. మరుసటి ఏడాదే పోటీగా లాంబ్రెటా దిగింది.

మన దేశంలో బజాజ్ వాళ్లు వెస్పా లైసెన్సుతో అరవైల మొదట్లో తయారీ మొదలుపెట్టారు. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. మరుసటి ఏడాది సొంత పేరుతో చేతక్ వచ్చింది, రాణా ప్రతాప్ గుర్రం పేరు. ఎన్ని బండ్లు చేయాలో ప్రభుత్వ లైసెన్సే తేల్చే రోజులవి. బుక్ చేసి పదేళ్లు ఆగినవాళ్లున్నారు. డాలర్లలో కడితే మాత్రం త్వరగా ఇచ్చేవారు, అందుకే విదేశాల్లో చుట్టం ఉన్న ఇంటికి అంత గిరాకీ! మన హైదరాబాద్ నుంచి కూడా ఆల్విన్ పుష్పక్ అనే స్కూటర్ వచ్చింది. ఇప్పుడు కనపడితే ఫొటో తీసి పంపండి, చూడాలని ఉంది.

తర్వాత కథ తిరగబడింది. 1985లో హీరో హోండా సీడీ 100 బైకు వచ్చింది. ఫోర్ స్ట్రోక్, మైలేజీ బాగా ఎక్కువ, ఆయిల్ కలిపే గొడవ లేదు. తొంభైలు ముగిసేసరికి కుర్రాళ్లంతా బైకుల వైపే. గేర్లు లేకుండా, బటన్ నొక్కితే స్టార్టయ్యే కైనెటిక్ హోండా ఎనభైల్లోనే వచ్చింది గానీ మైలేజీ దగ్గర చేతులెత్తేసింది. 2001లో యాక్టివా ఆ రెండింటినీ కలిపింది: గేర్లు లేవు, ఇంజిన్ ఫోర్ స్ట్రోక్. అప్పటికి స్కూటర్ పని అయిపోయిందనే అనుకునేవారు. బజాజ్ అయితే 2009లో స్కూటర్లకి పూర్తిగా దణ్ణం పెట్టేసింది. ఆ నిర్ణయం తనకి బాధగా ఉందని అప్పటి కంపెనీ ఛైర్మన్ రాహుల్ బజాజ్ బయటికే చెప్పారు.

ఇక నా మాట. యాక్టివాని గెలిపించింది ఇదిగో, ఈ కాళ్లు పెట్టుకునే జాగా, పైగా గేర్లు లేకపోవడం. చేతక్‌లోనూ జాగా ఉంది. గ్యాస్ బండ పెట్టొచ్చు, బియ్యం బస్తా పెట్టొచ్చు. కానీ కిక్కు, క్లచ్చు, పక్కకి లాగే బరువు వల్ల బండి చాలావరకు ఇంటాయన చేతిలోనే ఉండిపోయేది. యాక్టివాని మా అమ్మ నడుపుతుంది, చెల్లి నడుపుతుంది, మోకాళ్ల నొప్పులున్న మా నాన్న కూడా నడుపుతారు. ఒకే తాళం, ముగ్గురు డ్రైవర్లు. బైకు కొంటే ఆ లెక్క కుదరదు. ఇప్పుడు దేశంలో అమ్మే టూవీలర్లలో సుమారు మూడో వంతు స్కూటర్లే. 2020లో చేతక్ పేరు కూడా కరెంటు బండిగా తిరిగొచ్చింది. చార్జింగ్ పెట్టే పార్కింగ్ ఉన్న ఇంటికి అలాంటిది సరే. మూడో అంతస్తులో అద్దెకుంటూ కింద ప్లగ్ పాయింట్ లేనివాళ్లు తొందరపడొద్దు.

పాత చేతక్ కొనాలా అంటే, ఆదివారం పూట సరదాకి కొనండి. రోజూ ఆఫీసుకి మాత్రం వద్దు. కొనేముందు ఆర్‌సీ చూడండి. పదిహేనేళ్లు దాటిన బండికి రెన్యువల్ అయిందా లేదా అడగండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కాగితాలతో మీరే సరిచూసుకోండి. కాళ్లు పెట్టే రేకు మీద మ్యాట్ ఉంటే ఎత్తి చూడండి, తుప్పు ఎక్కువగా దాక్కునేది అక్కడే.